కూర్చుని తిన్న టిఫిన్

పొద్దున టిఫిన్ మీరు ఎన్ని గంటలకు తింటారు? నిజం చెప్పండి. మా ఇంట్లో ఏడున్నరకి మా వారికి, ఎనిమిదికి పిల్లలకి పెట్టేస్తాను. బాక్సులు సర్ది, వాళ్ళని పంపించి, పనమ్మాయికి గిన్నెలు వేసి, మిషన్‌లో బట్టలు వేసి నేను ప్లేటు పట్టుకునేసరికి పదిన్నర. ప్లేటు అని మాటవరసకి అన్నాను. గట్టు దగ్గరే నిలబడి చివరి దోసె పెనం మీదినుంచి తీసుకుని తింటాను. చిన్నవాడు వదిలేసిన ముక్క కూడా అందులోనే కలుస్తుంది.

ఒకరోజు మా అమ్మాయి నవ్వుతూ అంది, "అమ్మా, మేం డబ్బులిచ్చి హోటల్లో తినే బ్రంచ్ నువ్వు రోజూ ఇంట్లోనే చేస్తావు!"

ఈ బ్రంచ్ అనే మాట ఎక్కడిదా అని చూస్తే, 1895లో గై బెరింగర్ అనే ఇంగ్లీషు రచయిత ఒక పత్రికలో రాసిన వ్యాసంలో మొదట కనబడుతుందట. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా మేలుకున్నవాళ్ళు ఆదివారం తెల్లవారే లేచి తినక్కర్లేదు, పొద్దెక్కాక తీరిగ్గా టిఫిన్, భోజనం కలిపి ఒకేసారి తినొచ్చు అని ఆయన వాదన. అంటే ఆలస్యంగా లేచేవాళ్ళ కోసం పుట్టిన తిండి అది. మనలాంటి వాళ్ళది ఇంకో రకం బ్రంచ్. అందరికన్నా ముందు లేచి అందరికన్నా ఆఖర్న తినడం.

తెల్లవారే లేచి పనిచేసేవాళ్ళ మధ్య పుట్టిన పొద్దుటి ఫలహారం ఒకటి జపాన్‌లో ఉంది. పోయినేడు దసరా సెలవుల్లో అమ్మతో కలిసి దాన్ని తిన్నాను. దాని వెనక కథ తెలిశాక మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా తమ్ముడు నగోయాలో ఉద్యోగం చేస్తాడు. బాపు పోయాక అమ్మ ఎక్కడికీ కదలనంది. వాడు పట్టుబట్టి టికెట్లు పంపితే ఇద్దరం కలిసి వెళ్ళాం. మాది సిరిసిల్ల. మరమగ్గాల ఊరు. మా దగ్గర వాటిని సాంచాలంటారు. మా ఇంట్లో నాలుగు సాంచాలుండేవి. బాపు నడిపేవాడు, అమ్మ కండెలు చుట్టేది. రాత్రీ పగలూ ఆ చప్పుడే. కరెంటు పోయి సాంచాలు ఆగితే మాకు నిద్రలో మెలకువ వచ్చేది!

నగోయా వెళ్ళిన మూడో రోజు తమ్ముడు మమ్మల్ని టొయోటా వాళ్ళ మ్యూజియానికి తీసుకెళ్ళాడు. కార్లు చూపిస్తాడేమో అనుకున్నాను. ఎర్ర ఇటుకల పాత నూలు మిల్లు అది. లోపలికి అడుగుపెడితే ముందున్నవన్నీ మగ్గాలే. అక్కడి ఉద్యోగి ఒకతను మీట నొక్కగానే ఒక మగ్గం టకటకా కదిలింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇది మన సాంచా సప్పుడే గదనే బిడ్డా!"

కార్ల కంపెనీకీ మగ్గాలకీ సంబంధం ఏమిటంటే, ఆ కుటుంబం మొదలైందే మగ్గాలతో. సకిచి టొయోడా 1867లో ఒక వడ్రంగి ఇంట్లో పుట్టాడు. తల్లి, ఊళ్ళో ఆడవాళ్ళు రోజంతా చేతిమగ్గం మీద నడుములు విరిగేలా నేయడం చూస్తూ పెరిగాడు. వాళ్ళ కష్టం తగ్గించాలని చిన్నతనంలోనే మగ్గాన్ని విప్పడం, బిగించడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా నాడెను ఒక చేత్తో తోసి ఇంకో చేత్తో అందుకోవాలి. ఒక్క చేత్తోనే నేయగలిగే చెక్క మగ్గం చేసి 1891లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పని. 1924లో ఆయన చేసిన స్వయంచాలక మగ్గం నడుస్తుండగానే నాడెను మార్చుకునేది. పోగు తెగితే తనంతట తానే ఆగిపోయేది. 1929లో ఆ మగ్గం హక్కులను ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ కొనుక్కుంది. సకిచి కొడుకు కీచిరో ఆ తర్వాత కార్ల వైపు వెళ్ళాడు. టొయోటా మోటార్ కంపెనీ 1937లో ఏర్పడింది.

మ్యూజియం ఉద్యోగి మాకు చూపించడానికని కావాలనే ఒక పోగు తెంపాడు. మగ్గం టక్కున ఆగింది. అమ్మ దగ్గరికి వెళ్ళి వంగి మరీ చూసింది. మా ఇంటి పాత సాంచాలు పడుగులో పోగు తెగినా నడుస్తూనే ఉండేవి. మనిషే కనిపెట్టి ఆపాలి. చూడకపోతే గుడ్డ పాడవుతుంది, కూలి తెగుతుంది. అందుకే బాపు తింటున్నంతసేపు అమ్మ సాంచాల దగ్గర నిలబడేది.

"దీనికి తెలివున్నది. దానంతట అదే ఆగుతున్నది" అంది అమ్మ.

మర్నాడు ఆదివారం. పొద్దున తొమ్మిదిన్నరకి మా మరదలు, "వదినా, ఇవాళ వంట లేదు. అత్తమ్మని కూడా తయారవ్వమనండి. మోనింగుకి వెళ్దాం" అంది. మోనింగు ఏమిటంటే ఇంగ్లీషు మార్నింగే. జపాన్‌వాళ్ళ నోట్లో అలా మారింది. పొద్దున పదకొండు లోపల వెళ్ళి ఒక కాఫీ చెప్తే, కాఫీ డబ్బులకే రొట్టె, గుడ్డు కూడా ఇస్తారు. నగోయా చుట్టుపక్కల ఊళ్ళలో ఇది పెద్ద ఆచారం.

మేం వెళ్ళింది వీధి మూలలో ఒక పాత కాఫీ హోటల్. వాళ్ళు కిస్సాతెన్ అంటారు. ఎర్ర ముఖమల్ కుర్చీలు, గోడ గడియారం, దినపత్రికల స్టాండు. ముసలి దంపతులు నడుపుతున్నారు. ఆయన కాఫీ కాస్తాడు, ఆవిడ బల్లల దగ్గరికి అందిస్తుంది. గోడకి చిన్న చిన్న చీటీల కట్టలు గుచ్చి ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. అవేంటని అడిగితే, రోజూ వచ్చేవాళ్ళు పది కాఫీల డబ్బు ముందే కట్టి పదకొండు చీటీలు తీసుకుని ఇక్కడే ఉంచేస్తారని మరదలు చెప్పింది. మన కిరాణా కొట్టు ఖాతా లాంటిదే, కాకపోతే ఇక్కడ డబ్బు ముందు, సరుకు తర్వాత.

కూర్చోగానే వేడి నీళ్ళలో పిండిన చేతిగుడ్డలు ఇచ్చారు. తర్వాత కాఫీ, రెండు వేళ్ళ మందం కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్డు, కాస్త క్యాబేజీ తురుము వచ్చాయి. రొట్టె మీద వెన్న, దాని మీద ముదురు ఎరుపు రంగులో ఒక ముద్ద. అమ్మ వేలితో కొంచెం తీసి నాలుక మీద పెట్టుకుంది.

"ఓసినీ! ఇది బచ్చాల పూర్ణమే!"

నిజంగానే. అజుకి అని బొబ్బర్ల లాంటి చిన్న ఎర్ర గింజల్ని ఉడికించి చక్కెర వేసి దగ్గరికి చేసిన ముద్ద. మనం శనగపప్పుతో చేసినట్టే. దీన్ని రొట్టె మీద వేసుకోవడం నగోయా ప్రత్యేకత, ఒగురా టోస్టు అంటారు. 1920ల మొదట్లో ఇక్కడి ఒక హోటల్లో కాలేజీ కుర్రాళ్ళు వెన్న రాసిన రొట్టెని తియ్యటి గింజల పాయసంలో ముంచుకు తింటుంటే, అది చూసి యజమానులు చేశారని చెబుతారు.

కాఫీ డబ్బులకే ఇదంతా ఎందుకిస్తారు? ఇక్కడే మళ్ళీ మగ్గాలు వచ్చాయి.

కాఫీ హోటళ్ళు జపాన్‌కి కొత్తేమీ కాదు. 1888లో టోక్యోలోని ఉయెనోలో మొదటిది తెరిచారు. అది కొన్నేళ్ళకే మూతపడింది. 1908లో కసాతో మారు అనే ఓడలో 781 మంది జపాన్‌వాళ్ళు బ్రెజిల్ కాఫీ తోటల్లో కూలికి వెళ్ళారు. వాళ్ళని పంపిన ర్యో మిజునోకి బ్రెజిల్‌లోని సావో పాలో ప్రభుత్వం కాఫీ గింజలు ఉచితంగా ఇచ్చింది. వాటితో ఆయన 1911లో కఫే పౌలిస్టా పెట్టి చవగ్గా కాఫీ అమ్మాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో చాలా కఫేలు మద్యం అమ్ముతూ, పడుచుపిల్లల్ని వడ్డనకి పెట్టి, మగవాళ్ళు ఇచ్చే చిల్లర మీదే వాళ్ళు బతికేలా తయారయ్యాయి. కాఫీ మాత్రమే ఇచ్చే చోట్లని వేరుగా చెప్పుకోవడానికి కిస్సాతెన్ అన్న పేరు స్థిరపడింది. యుద్ధంలో కాఫీ దిగుమతి పూర్తిగా ఆగిపోయి 1950లో మళ్ళీ మొదలైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నగోయా పక్కనున్న ఇచినోమియాలో మగ్గాలకి మంచి కాలం వచ్చింది. అది ఉన్ని బట్టల ఊరు. యుద్ధం తర్వాత దేశానికంతా బట్ట కావాలి. మగ్గం ఒక్కసారి గాచాన్ అంటే పదివేల యెన్‌లు వచ్చి పడతాయని అప్పట్లో ఒక మాట పుట్టింది, గాచామాన్ అని. గాచా అంటే మగ్గం చప్పుడు, మాన్ అంటే పదివేలు. మగ్గాల యజమానుల దగ్గరికి బట్టల వ్యాపారులు తెల్లవారినుంచే వచ్చేవాళ్ళు. కానీ కార్ఖానాలో మాట వినబడదు, గాలినిండా దూది. అందుకని బేరాలన్నీ పక్కనున్న కాఫీ హోటల్లోనే. ఒకే మనిషి రోజుకి నాలుగైదుసార్లు వచ్చేవాడు. అలాంటి వాళ్ళని చూసి హోటలు వాళ్ళు పొద్దున కాఫీతోపాటు ఒక ఉడికించిన గుడ్డు, కాసిన్ని పల్లీలు ఊరికే ఇవ్వడం మొదలుపెట్టారు. ఇది 1956 ప్రాంతంలో అని ఇచినోమియా వాళ్ళు చెప్పుకుంటారు. మాదే మొదలని టొయోహాషి ఊరివాళ్ళూ అంటారు. తర్వాత రొట్టె చేరింది. పక్కవాడు రొట్టె ఇస్తే నేను సలాడ్ ఇస్తానని పోటీ పెరిగింది.

తమ్ముడు ఇదంతా చెబుతుంటే నాకు సిరిసిల్ల బజారే కనబడింది. బాపు, మిగతా ఆసాములు, సేట్ల గుమాస్తాలు చేరేది కూడా చాయ్ హోటల్లోనే. నూలు ధరలు, మీటరు కూలీ, అన్నీ అక్కడే తేలేవి. కార్ఖానాలో అరిస్తే తప్ప మాట వినపడదు కదా.

"మరి ఆడోళ్ళు?" అంది అమ్మ.

తమ్ముడు ఒక్క క్షణం ఆగాడు. ఇచినోమియా మగ్గాల మీద నేసింది ఎక్కువగా ఆడపిల్లలే. హైస్కూలు మొహం చూడకుండా, పదిహేనేళ్ళకే దూరపు పల్లెల నుంచి గుంపులుగా రైలెక్కించి తీసుకొచ్చేవాళ్ళు. హాస్టళ్ళలో ఉండి పనిచేసేవాళ్ళు. పోగు తెగితే తనంతట తానే ఆగే మగ్గం వచ్చాక వాళ్ళకి విశ్రాంతి దొరికిందా అంటే, ఒక్కొక్కరు చూసుకోవలసిన మగ్గాలు పెరిగాయి. తల్లి కష్టం తగ్గాలని మొదలైన యంత్రమే, లెక్క మాత్రం యజమాని ఖాతాలో పడింది. కాఫీ హోటల్లో గుడ్డు తిన్నది బేరాలాడే మగవాళ్ళు.

ఇళ్ళలో ఆడవాళ్ళ సంగతి ఇంకో కథ. జపాన్‌లో పొద్దుటి తిండిని అసాగోహన్ అంటారు. గోహన్ అంటే అన్నం, భోజనం అనీ అర్థమే, మనం అన్నం తిన్నావా అన్నట్టు. అన్నం, మిసో చారు, కాల్చిన చేప, ఊరగాయ ముక్కలు. చూడ్డానికి చిన్న చిన్న గిన్నెలే కానీ, పొద్దున ఏడింటికి ఇవన్నీ బల్ల మీదికి రావాలంటే ఇల్లాలు చీకటితోనే లేచి కట్టెల పొయ్యి రాజేయాలి. అన్నం కుండ దగ్గరినుంచి కదలకూడదు, మంట ఎక్కువైతే మాడుతుంది, తగ్గితే ఉడకదు.

తోషిబా కంపెనీలో యమాదా షోగో అనే ఆయన బట్టలుతికే మిషన్లు అమ్మడానికి ఊళ్ళు తిరుగుతూ, అన్నిటికంటే కష్టమైన పని ఏమిటని ఆడవాళ్ళని అడిగేవాడట. బట్టలు కాదు, పూటపూటా అన్నం వండటమే అన్నారు వాళ్ళు. ఆ మాట పట్టుకుని కరెంటు కుక్కర్ చేయించాలని, యోషితాదా మినామి అనే చిన్న కార్ఖానా యజమానికి పని అప్పగించాడు. ఆయనకి అన్నం వండటం రాదు! వండి చూసింది ఆయన భార్య ఫుమికో. పిల్లల తల్లి. ఏళ్ళ తరబడి రకరకాల పొయ్యిల మీద, ఎండలో, చలిలో అన్నం వండుతూ, ఎన్ని నిమిషాలకి ఎంత వేడెక్కిందో రాసిపెట్టింది. బాగా మరుగు పట్టాక సుమారు 20 నిమిషాలు ఉంచితే అన్నం చక్కగా ఉడుకుతుందని తేల్చింది ఆమె లెక్కలే.

ఆ లెక్క మీద చేసిన ఉపాయం ఎంత తేలికో చూడండి. గిన్నెలో గిన్నె. బయటి గిన్నెలో ఒక కప్పు నీళ్ళు. అవి ఆవిరైపోవడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. నీళ్ళు ఉన్నంతసేపు వేడి వంద డిగ్రీలు దాటదు. అయిపోగానే దాటుతుంది. దాటగానే రెండు లోహాలు అతికించిన చిన్న రేకు వంగి స్విచ్ ఆపేస్తుంది. 1955 డిసెంబరులో 3,200 యెన్‌ల ధరకి అది బజారులోకి వచ్చింది.

తేదీలు గమనించారా? ఇంట్లో కుక్కర్ 1955. వీధిలో మోనింగు 1956. ఒకే సమయంలో, ఒకే దేశంలో, పొద్దుటి తిండి రెండు వైపులా మారింది. మగ్గం తనంతట తానే ఆగినట్టు పొయ్యి కూడా తనంతట తానే ఆగడం నేర్చుకుంది. మెల్లగా మగ్గాలు తగ్గాయి, బేరాలూ తగ్గాయి. కానీ మోనింగు పోలేదు. బేరగాళ్ళ కుర్చీల్లోకి ఇంటివాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆదివారం పొద్దున తాత, నాయనమ్మ, కొడుకు, కోడలు, పిల్లలు అందరూ కలిసి కాఫీ హోటలుకి రావడం అలవాటైంది. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ రోజు మా పక్క బల్ల దగ్గర కూడా అలాంటి కుటుంబమే ఉంది. ఒక పెద్దావిడ తన గుడ్డు పెంకు తీసి మనవడికివ్వబోయింది. వాడు తన గుడ్డు చూపించి తల ఊపాడు. ఆవిడ తన గుడ్డు తానే తింది.

మేం తినడం అయ్యింది. అమ్మ లేచి మా నలుగురి ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, నాప్కిన్‌తో బల్ల తుడవడం మొదలుపెట్టింది. "అమ్మా, ఉండనీ" అన్నాను. వినలేదు. ప్లేట్లు పట్టుకుని లోపలికి నడవబోతుంటే ఆ ముసలావిడ ఎదురొచ్చింది. ఇద్దరిదీ ఒకే వయసు ఉంటుంది. రెండు చేతులతో ప్లేట్లు అందుకుని, నడుము వంచి నమస్కారం పెట్టి, కుర్చీ వైపు చెయ్యి చూపించింది. అమ్మకి ఆ భాష రాదు, ఆవిడకి మన భాష రాదు. అమ్మ వెళ్ళి కూర్చుంది. ఆవిడ మరో చిన్న పల్లీల పొట్లం తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

అమ్మ పల్లీలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, వీధిలోకి చూస్తూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది.

"మీ బాపు తిన్నంతసేపు నేను సాంచాల కాడ నిలబడేదాన్ని. నేను తినేటప్పుడు ఆయన నిలబడేటోడే. కానీ బిడ్డా, నేనే కూసోకపోయేది. అలవాటు కాలేదు."

నాకేం చెప్పాలో తెలియలేదు. ఎందుకంటే అమ్మని కూర్చోనివ్వనిది సాంచాలు. మరి నన్ను? నా వంటింట్లో కరెంటు కుక్కర్ ఉంది, గ్యాసు ఉంది, మిక్సీ ఉంది, బట్టల మిషన్ ఉంది. కుక్కర్, బట్టల మిషన్ తమంతట తామే ఆగుతాయి. ఆగంగానే కూత కూడా పెడతాయి. ఆగనిది నేనొక్కదాన్నే. మా వారు కూర్చోవద్దన్నారా? లేదు. కూర్చోమని ఎవరైనా అన్నారా? అదీ లేదు. అడగలేదు, అనలేదు, ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి.

తిరిగొచ్చాక పెద్ద మార్పులేమీ చెయ్యలేదు. మొదటి ఆదివారం పొద్దున మాత్రం చట్నీ, పొడి, నెయ్యి, అందరి ప్లేట్లూ బల్ల మీద పెట్టి స్టవ్ కట్టేసి నేనూ కూర్చున్నాను. ఇడ్లీ కాబట్టి సరిపోయింది, దోసె అయితే కుదరదు. మా వారు "ఏమైంది, ఒంట్లో బాలేదా?" అని అడిగారు. మా అమ్మాయి పకపకా నవ్వింది. రెండో ఆదివారం ఎవరూ ఏమీ అడగలేదు. మూడో ఆదివారం మంచినీళ్ళు పెట్టడం మర్చిపోతే మా వారే లేచి తెచ్చారు.

అమ్మ సిరిసిల్లలో తన ఇంట్లో తాను ఉంది. రోజూ పొద్దున ఫోన్ చేస్తుంది. పెళ్ళయినప్పటి నుంచీ మొదటి మాట ఒక్కటే, "తిన్నవా బిడ్డా?" అని. నగోయా నుంచి వచ్చాక ఆ మాటకి ముందు ఇంకొకటి చేర్చింది.

"కూసొని తిన్నవా?"

నేను తిరిగి అదే అడుగుతాను. ఒక్కోరోజు ఇద్దరం అబద్ధం చెబుతాం.